మన సైన్యపు ఆయుధ వాహన సామగ్రి – లష్కరు చెప్పే పాఠం

సికింద్రాబాదును మన పెద్దలు నేటికీ ‘లష్కరు’ అని వ్యవహరిస్తారు. ఆషాఢ మాసంలో ఉజ్జయినీ మహంకాళి ఆలయం వద్ద జరిగే ఉత్సవానికి ‘లష్కర్ బోనాలు’ అనియే ప్రసిద్ధి. లష్కరు అనగా ఫారసీ భాషలో సేన, సేన విడిసిన చోటు అని అర్థం. 1798వ సంవత్సరంలో నిజాం అలీ ఖానుకూ ఈస్టిండియా కంపెనీకీ కుదిరిన సంధి ఫలితంగా హుసేన్ సాగరానికి ఉత్తరపు మైదానంలో కంపెనీ పటాలాలు గుడారాలు వేసుకొన్నవి. 1806లో ఆ శిబిరానికి అప్పటి నిజాం సికిందర్ జా పేరు పెట్టబడినది. అనగా మన ఊరు ముందు సైన్యం, తరువాత నగరం.

రెండు శతాబ్దాలు గడచినా ఆ లక్షణం పూర్తిగా మాసిపోలేదు. తిరుమలగిరి, బొల్లారం ప్రాంతాలలో నివసించే విద్యార్థులు సైనిక వాహనాలను ప్రతి దినం చూస్తూనే ఉంటారు. అయితే ఆ వాహనం ఏమిటి, దానిపై మోసుకొనిపోయే పరికరం ఏ సూత్రంపై పనిచేస్తుంది, అది ఎక్కడ తయారైనది, చెడిపోతే ఎవరు బాగుచేస్తారు అన్న ప్రశ్నలు మనకు సాధారణంగా తోచవు. ఈ వ్యాసం ఆ ప్రశ్నలకు సమాధానం చెప్పే ఒక చిన్న ప్రయత్నం.

ఈటె నుండి ట్యాంకు వరకు

పంతొమ్మిదవ శతాబ్దంలో బొల్లారం ముఖ్య స్థావరంగా ‘హైదరాబాద్ కాంటింజెంట్’ అను సైన్యం ఉండేది. అందలి ఆశ్వికదళాలు ‘సిల్లాదారీ’ పద్ధతిపై నడిచేవి. గుఱ్ఱం, జీను, దుస్తులు, కత్తి మొదలైనవి సవారే సమకూర్చుకొనవలెను. అందుకు తగిన అధిక జీతం ప్రభుత్వం ఇచ్చేది. గుఱ్ఱం చచ్చిపోయినచో నష్టం సవారుదే. సైన్యపు సామగ్రి సైనికుని సొంత ఆస్తిగా ఉన్న కాలమది.

ఈ కాంటింజెంటు దళాల వారసులలో ‘డెక్కన్ హార్స్’ అను రెజిమెంటు ఒకటి. మొదటి ప్రపంచ యుద్ధంలో 1916 జూలై 14న, ఫ్రాన్సులోని సోమ్ రణరంగంలో, 20వ డెక్కన్ హార్స్ సవార్లు ఈటెలు పట్టి గుఱ్ఱాలపై మెషీన్‌గన్లు గల శత్రువుపైకి దూకినారు. అదే సోమ్ రణరంగంలో సుమారు రెండు నెలల తరువాత, 1916 సెప్టెంబరు 15న, బ్రిటిషు సైన్యం ప్రపంచ చరిత్రలో మొట్టమొదటి సారిగా ట్యాంకులను దింపినది. ఈటె యుగం ముగియుట, ఇనుప రథం యుగం మొదలగుట రెండింటినీ ఒకే వేసవి చూచినది.

కాలక్రమంలో డెక్కన్ హార్స్ గుఱ్ఱాలను విడిచి ట్యాంకులనెక్కినది. 1965 సెప్టెంబరులో పంజాబులోని అసల్ ఉత్తర్ గ్రామం వద్ద జరిగిన యుద్ధంలో ఈ రెజిమెంటు షెర్మన్ ట్యాంకులతో పోరాడినది. ఒక విశేషం గమనించదగినది. మన కవచదళాలలో సామాన్య సైనికుని హోదా పేరు నేటికీ ‘సవారు’ అనియే. గుఱ్ఱం పోయినది, పేరు నిలిచినది.

భాషలో దాగిన ఆయుధశాల

ఉర్దూ, తెలుగు భాషలు రెండూ చదివే మన కళాశాల విద్యార్థులకు ఇక్కడ మరొక ఆసక్తికరమైన విషయం ఉన్నది. సైన్యానికి సంబంధించిన తెలుగు మాటలు పెక్కు ఫారసీ, అరబ్బీ, తురుష్క భాషల నుండి వచ్చి మన ఇంటి మాటలైనవి. ‘సిపాయి’, ‘జవాను’, ‘హవల్దారు’, ‘ఫౌజు’, ‘దుర్భిణి’ అట్టివే. ‘తుపాకి’ అను మాట తురుష్క భాష నుండి వచ్చినది. ‘కవాతు’ మూలం ‘కవాయద్’, అనగా నియమాలు. ‘ఫిరంగి’ అనగా తొలుత ఐరోపావాడు అని అర్థం. వారు తెచ్చిన పెద్ద తుపాకికి వారి పేరే స్థిరపడినది.

మాట ఒక్క వైపు మాత్రమే ప్రయాణించలేదు. ప్రపంచ లోహశాస్త్ర గ్రంథాలలో ‘వూట్జ్’ అని వ్యవహరింపబడే ప్రసిద్ధమైన ఉక్కు పేరు, తెలుగు కన్నడాలలోని ‘ఉక్కు’ అను మాటకు రూపాంతరమని పండితులు భావిస్తారు. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రం గ్రామం ఈ ఉక్కుకు పేరు పొందినది. ఇనుమును బొగ్గు మొదలైన కర్బన పదార్థాలతో కలిపి మట్టి మూసలలో ఉంచి, మూత బిగించి, గంటల కొలది కాచి, మెల్లగా చల్లార్చెడివారు. ఆ విధంగా కర్బనం సుమారు ఒకటిన్నర శాతం వరకు కలిసిన గట్టి ఉక్కు తయారయ్యేది. పర్షియా వర్తకులు ఇంత దూరం వచ్చి దానిని కొనిపోయేవారు. పేరుగాంచిన డమాస్కస్ కత్తులకు ఇట్టి ఉక్కే మూలద్రవ్యం.

హైదరాబాదులోని ‘గన్‌ఫౌండ్రీ’ పేరు కూడా ఇట్టిదే. పద్దెనిమిదవ శతాబ్దాంతంలో నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ అక్కడ ఫిరంగులు పోత పోయించినాడు. ఉర్దూలో ఆ స్థలం ‘తోప్ కా సాంచా’. 1798లో, రేమండ్ చనిపోయిన కొలది నెలలకే, ఆ ఫ్రెంచి శిక్షణ గల దళాలు నిరాయుధం చేయబడినవి. ఆయుధాలు చేయు నేర్పు ఉండికూడా రాజ్యం ఆ నేర్పును నిలుపుకొనలేకపోయినది. ఈ సంగతి మనస్సునందుంచుకొని ఆధునిక సైన్య సామగ్రిని పరిశీలింతము.

సామగ్రి – ముఖ్య విభాగాలు

*1. చేతి తుపాకులు.* 1962 చైనా యుద్ధ కాలానికి మన పదాతి సైనికుని చేతిలో ఉన్నది పాయింట్ 303 రైఫిలు. ప్రతి గుండు పేల్చిన తరువాత బోల్టును చేతితో వెనుకకు లాగి ముందుకు తోయవలెను. ఆ యుద్ధానంతరం 7.62 మిల్లీమీటర్ల ‘సెల్ఫ్ లోడింగ్ రైఫిల్’ విస్తృతంగా వాడుకలోనికి వచ్చినది. గుండు వెలువడునపుడు పుట్టే వాయువులో కొంత భాగమే బోల్టును వెనుకకు నెట్టి తరువాతి గుండును నింపుతుంది; సైనికుడు మీటను నొక్కుట చాలును. తరువాత వచ్చిన ‘ఇన్సాస్’ రైఫిలు 5.56 మిల్లీమీటర్లది. గుండు చిన్నదైనపుడు బరువు తగ్గుతుంది. అదే బరువుకు ఎక్కువ గుండ్లు మోయవచ్చును. ఇటీవల ఉత్తర ప్రదేశ్‌లోని కోర్వాలో రష్యా సహకారంతో ఎ.కె. 203 రైఫిళ్ల నిర్మాణం చేపట్టబడినది.

*2. రీకాయిల్‌లెస్ తుపాకి.* ఇది భౌతికశాస్త్ర విద్యార్థులు ప్రత్యేకంగా తెలుసుకొనదగినది. ప్రతి చర్యకు సమానమైన ప్రతిచర్య ఉండునని న్యూటన్ మూడవ సూత్రం. ఫిరంగి గుండును ముందుకు నెట్టినపుడు ఫిరంగి వెనుకకు తన్నుతుంది. ఆ తన్నును ఆపుటకు బరువైన బండి, స్ప్రింగులు కావలెను. 106 మిల్లీమీటర్ల రీకాయిల్‌లెస్ తుపాకిలో పేలుడు వాయువులో కొంత భాగాన్ని వెనుక రంధ్రాల ద్వారా బయటకు వదలుతారు. ముందుకు పోయే గుండు ద్రవ్యవేగం, వెనుకకు పోయే వాయువు ద్రవ్యవేగం సమానమగుటచే తుపాకి నిశ్చలంగా ఉంటుంది. కనుకనే దానిని సామాన్యమైన జీపుపై బిగించి పేల్చవచ్చును. దీనికి చెల్లించే మూల్యం కూడా ఉన్నది. వెనుకకు చిమ్మిన మంట, లేచిన ధూళి తుపాకి ఉన్న చోటును శత్రువుకు చూపుతాయి. ఒక దెబ్బ కొట్టిన వెంటనే చోటు మార్చుకొనవలెను.

అసల్ ఉత్తర్ యుద్ధంలో గ్రెనేడియర్స్ 4వ పటాలానికి చెందిన హవల్దారు అబ్దుల్ హమీద్ ఇట్టి తుపాకిని జీపుపై ఉంచుకొని పోరాడినాడు. ఎదురుగా 90 మిల్లీమీటర్ల ఫిరంగులు గల పాటన్ ట్యాంకులు. పొలాలలో చెరకు ఏపుగా పెరిగి ఉన్నది. మన సేన కాలువ నీటిని పొలాలకు మళ్లించి నేలను బురద చేసినది. బరువైన ట్యాంకులు ఆ బురదలో తడబడినవి. హమీద్ పైరు చాటున దాగి, దగ్గరకు రానిచ్చి, కొట్టి, చోటు మార్చి, ఒకదాని తరువాత ఒకటిగా ట్యాంకులను ధ్వంసం చేసినాడు. 1965 సెప్టెంబరు 10న మరొక ట్యాంకుతో ముఖాముఖి తలపడి వీరమరణం పొందినాడు. దేశం ఆయనకు పరమవీర చక్రను సమర్పించినది. తన పరికరపు బలమేమిటో, బలహీనతయేమిటో క్షుణ్ణంగా ఎరిగిన సైనికుడు తనకంటె ఎన్నో రెట్లు బరువైన యంత్రాన్ని నిలువరింపగలడని ఆ మూడు దినాల పోరాటం నిరూపించినది.

*3. ఫిరంగులు.* 1986లో స్వీడనుకు చెందిన బోఫోర్స్ కంపెనీ నుండి 155 మిల్లీమీటర్ల ఫిరంగులు 410 కొనుటకు ఒప్పందం జరిగినది. దీని గుండు బరువు సుమారు 43 కిలోగ్రాములు. 1999 కార్గిల్ యుద్ధంలో ఇవి గొప్పగా ఉపకరించినవి. ఎత్తైన పర్వతాలపై గాలి పలుచన. గుండుకు ఎదురయ్యే నిరోధం తక్కువ. కనుక అది మైదానంలో కంటె దూరం పోతుంది. అందుచేత మైదానానికి వేసిన గురి పట్టికలు అక్కడ అట్లే పనికిరావు. గణితం తప్పినచో ఫిరంగి ఎంత మంచిదైనా గుండు గురి తప్పుతుంది. మన నగరంలో గోలకొండ ప్రాంతంలోని ఆర్టిలరీ సెంటరు ఇట్టి ఫిరంగిదళ సైనికులకు శిక్షణ ఇచ్చే ప్రసిద్ధ కేంద్రం.

*4. ట్యాంకులు, కవచ వాహనాలు.* ట్యాంకును మూడు గుణాలతో కొలుస్తారు: కొట్టే శక్తి, కాచుకొనే కవచం, కదిలే వేగం. ఒకటి పెంచినచో మరొకటి తగ్గుట సహజం. కవచం మందమైతే బరువు పెరుగుతుంది. బరువు పెరిగితే వేగం తగ్గుతుంది. రష్యా నమూనాలో మద్రాసు సమీపంలోని ఆవడి కర్మాగారంలో తయారయ్యే టి-90 ‘భీష్మ’ సుమారు 46 టన్నులు. 125 మిల్లీమీటర్ల ఫిరంగి, ముగ్గురు సిబ్బంది. గుండును యంత్రమే నింపుతుంది. దేశీయంగా రూపొందిన ‘అర్జున్’ తొలి నమూనా సుమారు 58 టన్నులు. 120 మిల్లీమీటర్ల ఫిరంగి, నలుగురు సిబ్బంది, 1400 అశ్వశక్తి యంత్రం. ఇంత బరువు నేలలో దిగబడదా అని సందేహం కలుగవచ్చును. చక్రానికి బదులు వెడల్పైన గొలుసు పట్టా ఉండుటచే బరువు విస్తారమైన వైశాల్యంపై పరచుకొంటుంది. చదరపు సెంటీమీటరుకు పడే ఒత్తిడి ఒక కిలోగ్రాము కంటె తక్కువ. మోటారు కారు చక్రం క్రింద పడే ఒత్తిడి దానికి రెట్టింపు. ఒత్తిడి అనగా బలాన్ని వైశాల్యంతో భాగించగా వచ్చునదియే అని ఉన్నత పాఠశాలలో మనం చదివిన సూత్రమే ఇది.

*5. రవాణా వాహనాలు.* యుద్ధం ఫిరంగితో గెలిచినా, ఫిరంగికి గుండు, సైనికునికి రొట్టె, గాయపడినవానికి మందు చేర్చునది లారీయే. 1959 నుండి దశాబ్దాల పాటు జబల్‌పూర్‌లో తయారైన ‘శక్తిమాన్’ లారీ ఒక తరానికి సైన్యపు వాహనంగా చిరపరిచితం. ‘జోంగా’ అను జీపు వంటి బండి పేరు కూడా జబల్‌పూర్ కర్మాగారం ఆంగ్లనామంలోని మొదటి అక్షరాల కూర్పే. తరువాత అశోక్ లేలాండ్ వారి ‘స్టాలియన్’ లారీలు, మారుతి ‘జిప్సీ’ బండ్లు వచ్చినవి.

*6. రాత్రి చూపు.* నక్షత్రాల వెలుగు కంటికి చాలదు, పరికరానికి చాలుతుంది. ఆ కొద్ది కాంతి ఒక ప్రత్యేక పలకపై పడి ఎలక్ట్రానులను వెలువరిస్తుంది. సన్నని గొట్టాల గుండా పోవునపుడు ఒక్క ఎలక్ట్రాను వేలకొలదిగా పెరుగుతుంది. అవి భాస్వర తెరను తాకి ఆకుపచ్చని బొమ్మను చూపుతాయి. ఇట్టి దృశ్య పరికరాలకు మచిలీపట్నంలోని భారత్ ఎలక్ట్రానిక్స్ కర్మాగారం పేరుపొందినది. 1926లో పుట్టిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీయే 1983లో ఆ సంస్థలో చేరినది.

మన పరిసరాలలోని కర్మాగారాలు

హైదరాబాదు దక్షిణ భాగంలోని కాంచన్‌బాగ్ ఒకప్పుడు తోట పేరు. నేడు అది దేశరక్షణకు గుండెకాయల్లో ఒకటి. 1963లో ఏర్పడిన రక్షణ లోహ పరిశోధనశాల అక్కడే ఉన్నది. అది రూపొందించిన సంయుక్త కవచానికి ‘కాంచన్’ అని ఆ స్థలం పేరే పెట్టినారు. అర్జున్ ట్యాంకును కాపాడుచున్నది అదే. ఒక్క మందపు ఉక్కు పలకకు బదులు భిన్న పదార్థాలను పొరలుగా అమర్చుట ఇట్టి కవచంలోని రహస్యం. 1973లో స్థాపితమైన మిశ్రధాతు నిగమ్ ప్రత్యేక లోహాలను తయారు చేస్తుంది. మూసలో ఉక్కు కాచిన కోనసముద్రం పనివారికి వీరిని వారసులనుట అతిశయోక్తి కాదు.

1970లో ప్రారంభమైన భారత్ డైనమిక్స్ మొదట ఫ్రాన్సు సహకారంతో ఎస్.ఎస్. 11 అను ట్యాంకు విధ్వంసక క్షిపణిని తయారు చేసినది. ఆ క్షిపణి వెంట సన్నని తీగ విచ్చుకొంటూ పోతుంది. సైనికుడు కంటితో చూస్తూ చేతిమీటతో దానిని నడపవలెను. తరువాత వచ్చిన ‘మిలాన్’లో సైనికుడు గురిని లక్ష్యంపై నిలిపి ఉంచిన చాలును, దిద్దుబాటు యంత్రమే చేసుకొంటుంది. మూడవ తరానికి చెందిన ‘నాగ్’ లక్ష్యపు ఉష్ణరూపాన్ని గుర్తుంచుకొని, వదలిన తరువాత తానే వెంటాడుతుంది. ఈ మూడు మెట్లు చూచినచో, సైనికుడు అపాయంలో నిలువవలసిన క్షణాలను తగ్గించుటయే శాస్త్రజ్ఞుల ధ్యేయమని తెలుస్తుంది.

1982లో డాక్టర్ ఎ.పి.జె. అబ్దుల్ కలాం హైదరాబాదులోని రక్షణ పరిశోధన అభివృద్ధి ప్రయోగశాలకు అధిపతిగా వచ్చినారు. 1983లో సమగ్ర క్షిపణి కార్యక్రమం ఆరంభమైనది. 1988 ఫిబ్రవరి 25న ‘పృథ్వి’ శ్రీహరికోట నుండి, 1989 మే 22న ‘అగ్ని’ ఒడిశా తీరం నుండి తొలిసారి ఎగిరినవి. అన్నీ ఇంత త్వరగా పండలేదు. 1990లో తొలి పరీక్ష జరిగిన నాగ్ క్షిపణికి తుది పరీక్ష 2020 అక్టోబరులో పూర్తి అయినది. శాస్త్రంలో ముప్పది సంవత్సరాల ఓర్పు కూడా ఒక పరికరమే.

1984లో నాటి మెదక్ జిల్లా ఎద్దుమైలారంలో స్థాపితమైన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ పదాతి సైనికులను మోసే ‘సారథ్’ కవచ వాహనాన్ని తయారు చేస్తుంది. ఇది రష్యా బి.ఎం.పి.-2 నమూనా. బరువు సుమారు 14 టన్నులు. ముగ్గురు సిబ్బంది, ఏడుగురు సైనికులు. 30 మిల్లీమీటర్ల ఫిరంగి, పైన ట్యాంకు విధ్వంసక క్షిపణి. నీటిలో ఈదగలదు కూడా. నాగ్ క్షిపణిని మోసే ‘నామికా’ వాహనం ఈ బండి మీదనే రూపొందినది. 2021 నుండి ఈ కర్మాగారం ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ అను ప్రభుత్వ సంస్థలో భాగం.

బాగుచేసే చేతులు

ఇంతవరకు చెప్పినవన్నీ చూపరులకు కనిపించే సామగ్రి. సికింద్రాబాదు ప్రత్యేకత కనిపించని పనిలో ఉన్నది. తిరుమలగిరిలో ఆర్మీ ఆర్డినెన్స్ కోర్ శిక్షణ కేంద్రం ఉన్నది. బూటు మొదలు ఫిరంగి వరకు సామగ్రిని నిలువ చేసి, లెక్క చూచి, కావలసిన చోటికి కావలసిన వేళకు పంపుట ఆ శాఖ విధి. దాని నుండి 1943లో వేరుపడిన శాఖ ఇ.ఎం.ఇ. మొదట ‘ఎలక్ట్రికల్ అండ్ మెకానికల్ ఇంజనీర్స్’. కాలానుగుణంగా నేడు ‘ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజనీర్స్’. ఆ శాఖ సైనికులకు శిక్షణ ఇచ్చే 1 ఇ.ఎం.ఇ. సెంటరు, అధికారులకు సాంకేతిక విద్య నేర్పే మిలిటరీ కళాశాల రెండూ సికింద్రాబాదులోనే ఉన్నవి. ‘కర్మయే ధర్మం’ అన్న అర్థం గల వాక్యం ఆ శాఖ ధ్యేయం. పదాతిలో ‘సిపాయి’, కవచదళంలో ‘సవారు’ అన్నట్లు, ఇక్కడ సామాన్య సైనికుని హోదా పేరు ‘క్రాఫ్ట్స్‌మన్’, అనగా పనివాడు, శిల్పి. ఒక సైన్యం తన సైనికునికి శిల్పి అని పేరు పెట్టుట ఆలోచింపదగిన విషయం.

మరమ్మతు మూడు అంచెలలో జరుగుతుంది. చిన్న లోపాన్ని దళంతో పాటు ఉండే పనివారే సరిచేస్తారు. అంతకు మించినది వెనుక నున్న క్షేత్ర వర్క్‌షాపుకు పోతుంది. అక్కడ చెడిన భాగాన్ని తీసి మంచి భాగాన్ని బిగిస్తారు. సంవత్సరాల వాడకంతో అరిగిపోయిన యంత్రం ఢిల్లీ, మీరట్, కిర్కీ వంటి చోట్ల ఉన్న బేస్ వర్క్‌షాపులకు చేరుతుంది. అక్కడ దానిని చివరి మేకు వరకు విప్పి, కడిగి, కొలిచి, మరల కూర్చి, కొత్తదాని వలె పంపుతారు. ఈ విభజనలోని తర్కం వైద్యశాలల తర్కమే. ప్రతి జ్వరానికి పెద్ద ఆసుపత్రికి పోనక్కరలేదు. ప్రతి శస్త్రచికిత్సా గ్రామంలో జరుగదు.

రాజస్థాన్ ఇసుక యంత్రంలోని గాలి జల్లెడను గంటలలో మూసివేస్తుంది. సియాచెన్ చలిలో డీజిలు గడ్డకట్టి మైనమగుతుంది. బ్యాటరీ శక్తి క్షీణిస్తుంది. కందెన నూనె బంక అవుతుంది. ఒకే బండి రెండు చోట్లా నడవవలెనన్న, దానిని ఎరిగిన మనిషి వెంట ఉండవలెను. ఫిట్టరు, టర్నరు, వెల్డరు, ఆర్మరర్, ఎలక్ట్రీషియన్ – ఇవి పతకాలకు, పాటలకు అంతగా ఎక్కని పేర్లు.

బురదలో దిగిన ట్యాంకును లాగు విధానం చూడుడు. నలుబది టన్నుల ట్యాంకు పొట్టవరకు దిగబడినచో దానిని కదల్చుటకు దాదాపు దాని బరువంత లాగుడు అవసరం కావచ్చును. రికవరీ వాహనపు వించ్ శక్తి ఇరువది టన్నులే అనుకొందము. తాడును నేరుగా కట్టక, ట్యాంకుకు ఒక కప్పీని తగిలించి, తాడును దాని చుట్టూ త్రిప్పి తెచ్చి రికవరీ వాహనానికే కట్టినచో లాగుడు రెట్టింపై నలుబది టన్నులగును. ఘర్షణ వలన కొంత తగ్గును. అందుకే అనుభవశాలి మరొక కప్పీని కూడా సిద్ధంగా ఉంచుకొంటాడు. బలం రెట్టింపైనపుడు ట్యాంకు కదిలే వేగం సగమగును. ఊరి బావిలో నీరు తోడిన కప్పీయే శత్రువు గుండ్ల నడుమ ఒక ట్యాంకును, అందలి ప్రాణాలను కాపాడుచున్నది.

పరాధీనత అను లోపం

1965 యుద్ధం ఆరంభం కాగానే అమెరికా ఉభయ దేశాలకూ ఆయుధ సరఫరాను ఆపివేసినది. తన ట్యాంకులకు, విమానాలకు ప్రధానంగా అమెరికాపై ఆధారపడిన పాకిస్థాన్‌కు ఆ నిషేధం తీవ్రంగా తగిలినది. ఇది పొరుగువాని సంగతి అని మనం మరచిపోరాదు. బోఫోర్స్ కొనుగోలుపై వివాదం చెలరేగిన పిమ్మట మన దేశంలోనే విడిభాగాలకు కటకట ఏర్పడి, ఒక ఫిరంగి భాగాలను విప్పి మరొకదానికి బిగించవలసి వచ్చినది. ఫిరంగి నిర్మాణపు పత్రాలు ఒప్పందం ప్రకారం మన చేతికి వచ్చియుండియు చాలాకాలం అట్లే పడియుండినవి. చివరికి ఆ పత్రాల ఆధారంగానే జబల్‌పూర్‌లో ‘ధనుష్’ ఫిరంగి రూపొందినది.

కొనిన ఆయుధం కొనిన దినమే పూర్తిగా మనది కాదు. దాని మరమ్మతు మనకు తెలిసిననాడు సగం మనది. దాని భాగాలు మనమే చేసుకొన్ననాడు మనది. దానికంటె మంచిది మనం రూపొందించిననాడు ఆ విద్య మనది. తోప్ కా సాంచాలో ఫిరంగులు పోసిన చేతులు మన పూర్వులవే. అయినా ఆ విద్య ఒక పరదేశ సేనాని నీడలో పెరిగి, అతని వెంటనే అంతరించినది. కాంచన్‌బాగ్, ఎద్దుమైలారం, తిరుమలగిరి ఆ పొరపాటుకు ఆలస్యంగా వచ్చిన సమాధానాలు.

సామగ్రికి అవతల

ఆయుధాల గురించి వ్రాయునపుడు వాటి మూల్యాన్ని విస్మరించరాదు. ఆయుధంపై వెచ్చించిన ప్రతి రూపాయి పాఠశాలకో వైద్యశాలకో చేరవలసినది కావచ్చును. దేశరక్షణ తప్పనిసరి, కాని ఆ శాస్త్రం రక్షణతోనే ఆగిపోనక్కరలేదు. నిజాం వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన ఒక ఎముకల వైద్యుడు ఒకనాడు కలాం గారి ప్రయోగశాలకు వచ్చి, అగ్ని క్షిపణికి వాడిన తేలికైన పదార్థాన్ని చేతబట్టి ఆశ్చర్యపోయినారట. తన ఆసుపత్రిలోని పోలియో పిల్లలు మూడు కిలోలకు పైబడిన ఇనుప కడ్డీలను కాళ్లకు కట్టుకొని ఈడ్చుకొంటూ నడుస్తున్నారని ఆయన కలాం గారికి చూపించినారు. మూడు వారాలలో అదే పదార్థంతో 300 గ్రాముల ఆధారాలు తయారైనవి. ఆ పిల్లలు పరుగెత్తగా వారి తల్లిదండ్రులు కన్నీరు పెట్టినారని కలాం గారు స్వయంగా పలు సందర్భాలలో చెప్పుకొన్నారు.

మరొక సంగతి. 2020 జూన్ 15 రాత్రి లడఖ్‌లోని గల్వాన్ లోయలో మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్‌బాబు, ఆయన వెంటి జవానులు అమరులైనారు. వాస్తవాధీన రేఖ సమీపంలో తుపాకి పేల్చరాదని 1996 ఒప్పందం. ఆ రాత్రి ఒక్క గుండు కూడా పేలలేదు. రాళ్లతో, కర్రలతో, చేతులతో జరిగిన పోరు అది. క్షిపణుల యుగంలో కూడా తుదకు నిలిచినది మనిషి. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర లభించినది.

విద్యార్థులారా! పై వ్యాసంలో వచ్చిన శాస్త్రమంతయు మీ పాఠ్యగ్రంథాలలోనిదే. న్యూటన్ సూత్రం, ఒత్తిడి, కప్పీ, కర్బనం, ఎలక్ట్రాను – వీనికి మించి ఇందులో కొత్తది లేదు. పరీక్షకొరకు కంఠస్థం చేసిన సూత్రం ఒక చోట ప్రాణం నిలుపుతుంది, మరొక చోట కుంటి బిడ్డను నడిపిస్తుంది. మీలో కొందరు సైన్యంలో చేరవచ్చును. కొందరు కర్మాగారాలకు, ప్రయోగశాలలకు పోవచ్చును. పెక్కుమంది వేరు వృత్తులలో స్థిరపడవచ్చును. ఎక్కడ ఉన్నా చేతిపనిని చిన్నచూపు చూడకుడు.

కళాశాల పాలకవర్గానికి ఒక మనవి. మన విద్యార్థుల ఇళ్లలో ఉర్దూ, తెలుగు రెండూ వినిపిస్తాయి. సాంకేతిక పదాలకు ఈ రెండు భాషలలో అర్థాలు చెప్పే ఒక చిన్న నిఘంటువును మన అధ్యాపకులు, విద్యార్థులు కలిసి కూర్చినచో అది గ్రంథాలయానికి మంచి కానుక అవుతుంది. ఉక్కును ప్రపంచానికిచ్చిన భాష ఒకటి, కవాతును మనకిచ్చిన భాష ఒకటి. లష్కరు బజారులో ఈ రెండు భాషలూ రెండు శతాబ్దాలుగా ప్రక్కప్రక్కనే నడుస్తున్నవి. మన తరగతి గదిలోనూ అట్లే నడచుగాక!